కొమురెల్లి కొలత

నా కొడుకు కుమారస్వామి నాకు అబద్ధం నేర్పడానికి కరీంనగర్ నుంచి మందమర్రి దాకా వచ్చాడు. వచ్చింది దొర మనవడి కారులో.

వాడు ఆ కారుకు డ్రైవరు. దొర మనవడి పేరు సాయిచంద్‌రావు. కరీంనగర్ పక్కన గ్రానైట్ క్వారీ నడిపిస్తాడు. దొంతులపేటలో వాళ్ల కోటలాంటి గడి ఎప్పుడో కూలిపోయింది కానీ, ఆ ఇంటివాళ్లను దొరలు అనడం జనం మానలేదు. నేను మానేశాను. ఊరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలతో మందమర్రి బొగ్గుబాయిలో బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గా చేరి, రిటైరయ్యేదాకా బొగ్గు తట్టలు మోసినవాణ్ని. నేను దొరల అన్నం తినలేదు. బొగ్గు తిన్నాను. ఇప్పటికీ దగ్గితే అదే వస్తుంది.

వాడు మిఠాయి డబ్బా తెచ్చాడు. వాణ్ని కన్న అవ్వ ఫోటో కింద కూర్చున్నాడు. ఫోటో వైపు చూడలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

సంగతి నసుగుతూ నసుగుతూ చెప్పాడు. సాయిచంద్ తాత నర్సింగరావు దొరకు ఒక ఇంగ్లండు రైఫిల్ ఉండేది. రెండు గొట్టాల పెద్ద తుపాకి. దొర తర్వాత అది కొడుకు లైసెన్సు మీదికి వచ్చింది. ఆ కొడుకూ పోయాక, కాయిదా ప్రకారం కరీంనగర్‌లో చాంద్‌పాషా ఆయుధాల దుకాణంలో జమ చేశారు. సాయిచంద్‌కు దాన్ని ఉంచుకునే ఉద్దేశం లేదు. పాత వేట తుపాకులు పోగుచేసే తన్వీర్ అనే హైదరాబాద్ ఆయన వచ్చి చూశాడు. ఇనుము నచ్చింది. కట్టె దగ్గర ఆగిపోయాడు.

తుపాకి వెనుక, భుజానికి ఆనించే కట్టెను వాళ్లు కుందా అంటారు. ఇంగ్లండు నుంచి వచ్చిన కుందాను ఎవరో తీసేసి, మన అడవి కట్టెతో కొత్తది వేయించారు. అదీ ఎడమచేతివాటం మనిషి కోసం చెక్కించింది. అట్లాంటి తుపాకికి ధర సగానికి సగం పడిపోతుందట. నిలబడాలంటే ఒకటే దారి. ఆ కట్టె ఎవరి కోసం చెక్కారో ఆ మనిషి పేరున్న వేటగాడు అయివుండాలి.

"దొర డావ చేతోడు, పులులన్నీ గా చేతితోనే కొట్టిండు అని ఊరి పెద్దమనిషి ఒకరు చెప్పాలె బాపు. తన్వీర్ సారు ఫోన్ల పట్టుకుంటడు, అంతే."

నేనే ఎందుకని అడిగాను.

"తాత దొర ఎంబడి తుపాకి మోసిండు గద. నువ్వు ఆయన అల్లునివి. నువ్వు చెప్తే నమ్ముతరు."

మా మామ కొమురెల్లి బతికున్నప్పుడు ఆయన మాటను ఆ గడిలో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు అబద్ధానికి ఆయన పేరు కావలసి వచ్చింది.

కుమారస్వామి బతిమాలాడు. దొర పోయిండు, తాత పోయిండు, అవ్వ గూడ పాయె, ఇగ ఎవలకు నష్టం అన్నాడు. సాయిచంద్ వాణ్ని క్వారీలో సూపర్‌వైజర్‌ను చేస్తానన్నాడట. నేను చెప్పకపోతే ఏమవుతుందని అడిగాను. వాడు మిఠాయి డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు.

"గది సారు చెప్పలే బాపు. మొఖం చూస్తే నాకే సమజైంది."

సరే, వస్తాను అన్నాను. వాడి ముఖం విప్పారింది. వస్తానన్నాను గానీ ఏం చెప్తానో నేను అనలేదు. వాడు అడగలేదు.

నా భార్య సమ్మవ్వ నిరుడు మృగశిర కార్తెకు ముందు పోయింది. ఆమెది ఎడమ చెయ్యి. కొడవలి ఆ చేత్తోనే పట్టేది, రొట్టె ఆ చేత్తోనే తట్టేది. నాట్లకు పోతే పక్కన ఉన్నవాళ్లు ఆమెకు చోటు వదిలి జరిగేవాళ్లు. కానీ ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే మాత్రం కుడి చేతికి మార్చుకునేది. పొయ్యి మీది గిన్నె ఎడమ చేతిలో కాలుతున్నా సరే, కిందపెట్టి, కుడి చేత్తో తీసి ఇచ్చేది.

ఆ మార్చుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. చిన్నప్పుడు వాళ్ల అవ్వ గడిలో వాకిలి ఊడ్చేది. పిల్ల వెంట పోయేది. ఒకనాడు నర్సింగరావు దొర నీళ్లడిగితే ఈ పిల్ల పరుగెత్తి చెంబు అందించింది, ఎడమ చేత్తో. దొర చెంబు తీసుకోలేదు. నౌకరుతో ఆ నీళ్లు నేల మీద పోయించాడు. పిల్ల చెయ్యి నడుముకు కట్టెయ్యమన్నాడు. తల్లే తాడు తెచ్చి కట్టింది. కోతలు అయిపోయేదాకా ఆ చెయ్యి కట్టే ఉంది. ఆ గడిలో ఎడమ చేత్తో ఇవ్వడం లేదు, తీసుకోవడం లేదు, చూపించడం కూడా లేదు. దొర ఎడమ కాలు ముందు పెట్టి మెట్టు దిగిన రోజు లేదని ఊరంతా చెప్పుకునేది.

నా కొడుకూ ఎడమ చేత్తోనే పుట్టాడు. ఎవరికైనా ఆ చేత్తో ఏదైనా ఇచ్చాడంటే సమ్మవ్వ గరిటెతో వేళ్ల మీద కొట్టేది. దొర చచ్చాక కూడా కొట్టింది. వాడు నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆ దొరే ఎడమచేతివాడు కావాలి. ధర కోసం.

కారు ఎక్కలేదు. మందమర్రిలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, బస్సులో కరీంనగర్ పోయాను. చాంద్‌పాషా దుకాణం టవర్ సర్కిల్ వెనక సందులో ఉంది. ముందు అద్దాల బీరువాలో చిన్న గుళ్ల ఛర్రా తుపాకులు, పొలాల్లో కోతులను బెదరగొట్టే మందుసామాను. వెనక ఇనుప తలుపు గది. సాయిచంద్ ముందే వచ్చి కుర్చీలో ఉన్నాడు. నా కొడుకు ఆయన కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. తన్వీర్ బల్ల దగ్గర. నడివయసు మనిషి, మాట నెమ్మది, తుపాకిని ముట్టుకునే ముందు చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

సాయిచంద్ నన్ను రాజేశం అని పిలిచి కూర్చోమన్నాడు. వాడి వయసుకు రెండింతలు నాది. నేను నిలబడ్డాను.

చాంద్‌పాషా పాత దుప్పటి పరిచి దాని మీద తుపాకి పెట్టాడు. నేను దాన్ని ఒక్కసారే చూశాను అంతకుముందు, నా పెళ్లయిన కొత్తలో. గుర్తుపట్టాను.

చాంద్‌పాషా తుపాకిని మధ్యలో మడిచి తెరిచి, గొట్టాలను కిటికీ వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. లోపలి గాడులు అరగలేదు, తుప్పు తినలేదు అన్నాడు. సిగరెట్ కాగితం ఒకటి సందులో పెట్టి మూశాడు. తన్వీర్‌ను లాగమన్నాడు. కాగితం చిరిగింది గానీ రాలేదు. ఇనుము ఇంకా బిగువుగా ఉన్నదని దాని అర్థం. గొట్టాల మీద, కింది ఇనుము మీద చెక్కిన నంబర్లు ఒకటేనని చూపించాడు. ఇవి కలవకపోతే తుపాకి అతుకుల బొంత అయినట్టేనట. ఇక్కడిదాకా అందరి ముఖాలూ బాగున్నాయి.

తర్వాత కట్టె మీద బొటనవేలు పెట్టి నడిపించాడు. ఇంగ్లండువాళ్లు అఖ్రోట్, అంటే వాల్‌నట్ కట్టె వేస్తారు. ఇది నల్లటి జిట్రేగి, పని నిర్మల్ వడ్రంగిది, వడ్లాయనది. పనితనం మంచిదే, కానీ కంపెనీది కాదు. దవడ ఆనే ఉబ్బు, దాని మీద చిన్న గుంట కుడి పక్కన ఉన్నాయి. ఎడమ భుజానికి పెట్టుకున్నవాడి దవడే అక్కడ ఆనుతుంది. వెనక భుజానికి ఆనే మడమ కూడా ఎడమ వైపుకు ఒంగి ఉంది. పైన ఒకచోట సన్నటి గీతలు పడి ఉన్నాయి. అవి ఎట్లా పడ్డాయో తెలియదని, అవీ ధరను తగ్గిస్తాయని అన్నాడు.

ఆ గీతలు ఎట్లా పడ్డాయో నాకు తెలుసు. మా మామ చెవులకు ఇత్తడి పోగులు ఉండేవి.

సాయిచంద్ గొంతు సవరించుకున్నాడు. తాతగారు మొదటి నుంచీ ఎడమచేతివాటమని, ఆ కాలంలో అది చెప్పుకోవడానికి నామోషీ పడేవారని, అందుకే కంపెనీకి రాయకుండా నిర్మల్ నుంచి మనిషిని పిలిపించుకున్నారని తన్వీర్‌కు చెప్పాడు. కథ బాగా కుదుర్చుకున్నాడు. చాంద్‌పాషా తల ఊపాడు. అమ్మకం జరిగితే అతనికి దలాలీ ముడుతుంది. నేను అది మరిచిపోలేదు.

తన్వీర్ ఫోన్ నా వైపు తిప్పాడు.

"పెద్దాయనా, మీకు తెలిసింది చెప్పుండ్రి. ఆరామ్‌గ చెప్పుండ్రి."

నేను నా కొడుకు వైపు చూశాను. వాడు నేల చూశాడు.

"నర్సింగరావు దొర డావ చేతోడు గాదు," అన్నాను. "డావ చేత్తోని నీళ్లిచ్చిందని నా పెండ్లాం చెయ్యి తాడుతోని కట్టేయించిండు. అప్పుడు గది ఇంతంత పిల్ల. దొంతులపేటల ఎవ్వరినన్న అడుగు. డావ చెయ్యి ఇంటికి దరిద్రం అని దొరనే చెప్తుండె. గా కుందా మా మామది. కొమురెల్లిది. పులులను కొట్టింది ఆయన."

సాయిచంద్ నవ్వాడు. ముసలాయనకు భార్య పోయినప్పటి నుంచీ మతి నిలకడగా లేదని తన్వీర్‌కు చెప్పాడు.

"నాకు మతి ఉన్నది సాయిచంద్‌రావు. అదే నీకు పరేషాన్."

"నౌకరోనికి ఇంగ్లండు రైఫిల్‌కు కుందా చేయించిచ్చిన్రా రాజేశం? జర సోంచాయించి మాట్లాడు. నౌకరు పులిని కొడితే మా తాత ఏం జేసిండు మరి?"

ఈ ప్రశ్న కొత్తది కాదు. సమ్మవ్వను ఊళ్లో, బాయి కాలనీలో, కల్లు దుకాణం ముందు కూడా అడిగి నవ్వేవాళ్లు. ఆమె చెప్పిన జవాబే నేనూ చెప్పాను.

"ఫోటో దిగిండు."

చాంద్‌పాషా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో దగ్గో నాకు తెలియదు.

అప్పుడు మిగతాది చెప్పాను. దొరకు పొద్దుగూకితే చూపు ఆనేది కాదు. పులి వచ్చేది పొద్దుగూకాకే. మంచె మీద దొర ముందు కూర్చునేవాడు, మా మామ వెనక నుంచి పేల్చేవాడు. హైదరాబాద్ నుంచి అతిథులుగా వచ్చిన మెహమాన్లు కింద ఇంకో మంచె మీద ఉండి, దొర కొట్టిండని చప్పట్లు కొట్టేవాళ్లు. ఇంగ్లండు కుందా మా మామ ఎడమ భుజానికి కుదరలేదు. పేల్చినప్పుడల్లా దవడ వాచేది. ఒకసారి గురి తప్పి, పెద్ద మెహమాన్ల ముందు దొర తల దించుకోవలసి వచ్చింది. ఆ సిగ్గుకు నిర్మల్ వడ్లాయనను పిలిపించాడు. వడ్లాయన మా మామను గడి వెనక కూర్చోబెట్టి దారంతో చెయ్యి కొలిచాడు, మెడ కొలిచాడు, దవడ కింద మైనం ముద్ద పెట్టి అచ్చు తీసుకున్నాడు. కట్టె మా మామ కొలత. పేరు దొరది.

సాయిచంద్ లేచి నిలబడ్డాడు. ఇదంతా కట్టుకథ, దీనికి సాక్ష్యం ఎవరు అన్నాడు.

"మీ తాత."

వాడికి అర్థం కాలేదు. తన్వీర్ ఫోన్ కిందికి దించలేదు.

పులులను కొట్టొద్దని సర్కారు బందు పెట్టాక కూడా గడికి ఒక మెహమాన్ వచ్చాడు, ఆయనకు పులి కావలసి వచ్చింది. దొర చెప్పాడు, మా మామ కొట్టాడు. చర్మం గడిలో ఆరుతుండగా సంగతి బయటికి పొక్కింది. అధికారులు వచ్చేసరికి అది మా మామ ఇంటి చూరు కింద ఉంది. కేసు కోర్టుకు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. కొత్తల్లుణ్ని, పెళ్లి బట్టలే కట్టుకుని పోయాను. వేరే మంచి బట్టలు లేవు.

దొర బోనెక్కి, తుపాకిని కొమురెల్లి తనకు తెలియకుండా గడి నుంచి ఎత్తుకుపోయాడని చెప్పాడు. మీరే కొట్టలేదని నమ్మకం ఏమిటని అడిగారు. దొర తుపాకి తెప్పించమన్నాడు. ఖాళీ తుపాకిని కుడి భుజానికి పెట్టుకున్నాడు. ఉబ్బు అవతలి పక్కకు పోయింది, మడమ రొమ్ము వైపుకు జారింది. అందరికీ కనిపించేటట్టు తిరిగి చూపించాడు.

"చూసిన్రా. ఇది నా పెయ్యికి ఆనుతదా? ఇది వాని కొలత. వాడే చేయించుకున్నడు."

తర్వాత మా మామ చేతికి ఇచ్చారు. పెట్టుకొని చూపించమన్నారు. ఆయన ఎడమ భుజానికి ఎత్తాడు. దవడ పోయి గుంటలో కూర్చుంది. పోగు కట్టెను తాకి చిన్న చప్పుడు చేసింది. అంత మంది పెద్దమనుషుల ముందు ఆయన కిటికీ బయట కొమ్మ మీది కాకికి గురి పెట్టి, కదలకుండా నిలబడ్డాడు. ఆ తుపాకి ఆయనదని లోకం ముందు ఒప్పుకున్నది అదొక్కసారే. ఆయన ముఖంలో భయం లేదు. పోలీసులు తుపాకి గుంజుకున్నాకే ఆయనకు ఎక్కడ ఉన్నాడో గుర్తొచ్చింది.

శిక్ష పడింది. దొంగ సొత్తు దొరికిందని తుపాకిని దొరకే తిరిగి ఇచ్చారు. మా మామ జైలు నుంచి దగ్గుతో వచ్చి, ఆ వానాకాలం దాటలేదు.

"శిక్ష పడేటప్పుడు గది కొమురెల్లి తుపాకి," అన్నాను. "ధర పలికేటప్పుడు దొరదెట్లయితది? మీ తాత కోర్టుల చెప్పిన మాటనే నేను చెప్తున్న. అబద్ధమైతే ఆయనను అడుగు పో."

తన్వీర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సాయిచంద్‌ను ఒకసారి తుపాకి ఎత్తి చూపించమని మర్యాదగా అడిగాడు. వాడు ఎత్తలేదు. కేసుల్లో తిరిగిన ఆయుధం కాబట్టి ఆలోచించుకోవాలని, కబురు చేస్తానని చెప్పి తన్వీర్ వెళ్లిపోయాడు.

సాయిచంద్ చాంద్‌పాషా మీద విరుచుకుపడ్డాడు.

"గీ దరిద్రపు కట్టె పీకి పారెయ్. మంచి అఖ్రోట్‌ది కొత్తది ఎయ్యి. కుడి చేతిది. ఖర్చు నేనిస్త."

తర్వాత వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు.

"కుమార్, తాళం చెయ్యి ఇచ్చి పో."

నా కొడుకు జేబులోంచి కారు తాళం తీశాడు. అది ఎడమ చేతికి వచ్చింది. కుడి చేతికి మార్చుకుని, అప్పుడు ఇచ్చాడు. అది చూసి నేను ముఖం తిప్పుకున్నాను. పని పోయినందుకు కాదు.

నన్ను రైలెక్కించడానికి పెద్దపల్లి దాకా వచ్చాడు గానీ, బస్సులో వాడు నాకు దూరంగా కూర్చున్నాడు. పెద్దపల్లి స్టేషన్‌లో ఒక్క మాట అన్నాడు.

"నీకేం బాపు, నీకు పింఛను వస్తది. సచ్చినోళ్ల ఇజ్జత్‌కు ధర బతికినోళ్లం మేము కట్టాలె."

వాడు చెప్పింది తప్పు కాదు. అయినా నా మాట వెనక్కి తీసుకునేది లేదు. నెల తిరగకముందే కరీంనగర్‌లో అద్దె కట్టలేక వాడు భార్యాబిడ్డలతో మందమర్రికి, నా ఇంటికే వచ్చాడు. ఎవరిదో ట్రాలీ ఆటో నడపసాగాడు. నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. కోడలు అన్నం పెట్టి తలుపు చాటున నిలబడి మా ఇద్దరినీ చూసేది. ఇద్దరం గోడకు చెప్పుకున్నట్టు మాట్లాడేవాళ్లం.

కొన్నాళ్లకు నేను మళ్లీ కరీంనగర్ పోయాను. చాంద్‌పాషా నన్ను చూసి చాయ్ చెప్పాడు. నేను తాగలేదు. బల్ల మీద అదే తుపాకి కొత్త అఖ్రోట్ కుందాతో మెరుస్తోంది. పాతది ఎక్కడని అడిగాను. బల్ల కింద, పనికిరాని కట్టెలతో పాటు పడి ఉందట.

"ఏం జేస్తవు రాజేశమన్నా దానితోని?"

"నువ్వేం జేస్తవు?"

"పొయ్యిల పెడ్త. సాయిచంద్ సాబ్ పారెయ్యమన్నడు గద."

ఇస్తే పట్టుకుపోతానన్నాను. లైసెన్స్ కావాలేమోనని అడిగాను. ఇనుము లేనిది తుపాకి కాదని, ఉత్త కట్టెను ఎవడూ అడగడని అన్నాడు. వంగి తీసి, దుమ్ము తుడిచి, ఇవ్వబోయి ఆగాడు. ఊడదీయడానికి ఒక పూట పని పట్టిందని, చాయ్ పైసలన్నా ఇవ్వమన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"దీని ధర మా మామ ఎన్నడో కట్టిండు," అన్నాను.

అతని నవ్వు పోయింది. కట్టెను పాత పేపర్‌లో చుట్టి ఇచ్చాడు. మంచివాడని నేను అనను. ఆ రోజు నేను వాళ్లు చెప్పమన్నది చెప్పి ఉంటే, అతను దలాలీ తీసుకుని అదే నవ్వు నవ్వేవాడు.

ఇంట్లో సమ్మవ్వ ఫోటో పక్కన రెండు మేకులు కొట్టి కట్టెను వాటి మీద పెట్టాను. సాయంత్రం కుమారస్వామి వచ్చి చూశాడు. కాళ్లు కడుక్కొని అన్నం తిన్నాడు. మర్నాడు నేను పెరట్లో మొఖం కడుక్కుంటూ కిటికీలోంచి చూశాను. వాడు కట్టెను మేకుల మీది నుంచి తీసి, ఎడమ భుజానికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ల తాత కంటే వీడి చేతులు పొడుగు, మడమ భుజానికి సరిగ్గా అందలేదు. కానీ దవడ మాత్రం ఆ గుంటలోకి పోయింది. వాడు చాలాసేపు అట్లాగే ఉన్నాడు. నేను చెంబును మెల్లగా కింద పెట్టాను.

వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం మా ఇంటి ముందు కారు ఆగింది. సాయిచంద్ దిగాడు. బాయి కాలనీలోకి అతను రావడం అదే మొదలు. గొడుగు పట్టడానికి ఒక మనిషి వెంట ఉన్నాడు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. ఈసారి నన్ను కాకా అన్నాడు.

తన్వీర్ కబురు చేశాడట. కొత్త కుందాతో తుపాకి వద్దన్నాడు. అది కంపెనీదీ కాదు, పాతదీ కాదు, ఉత్త రిపేరు. నిర్మల్ కట్టె, దాని వెనక కథతో సహా వస్తే తీసుకుంటానన్నాడు. కేసు సంగతి విచారించుకున్నాడట, తన దగ్గర ఇట్లాంటిది ఇంకొకటి లేదన్నాడట. నేను చెప్పిన మాటకు ఇప్పుడు ధర వచ్చింది.

సాయిచంద్ కళ్లు గోడ మీది కట్టె దగ్గరే ఉన్నాయి.

"ఏం గావాల్నో చెప్పు కాకా."

"దొంతులపేటకు పోదాం. గడి ముంగట నలుగురిని పిలువు. పులులను కొట్టింది కొమురెల్లి, ఆయనను జైలుకు పంపింది మా తాత అని నీ నోటితోని చెప్పు. అప్పుడు పట్కపో. ఉత్తగనే పట్కపో."

"మా తాత ఇజ్జత్ నేనే తీసుకోవాల్నా?"

"తన్వీర్‌కు నాలుగు గోడల నడుమ చెప్తవు. ఊర్లె చెప్పరాదా?"

వాడు నాతో మాట్లాడటం ఆపేశాడు. అరుగు మీద కూర్చున్న నా కొడుకు వైపు తిరిగాడు. జరిగిందేదో జరిగిపోయిందని, క్వారీలో సూపర్‌వైజర్ పని ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, రేపటి నుంచే రావచ్చని చెప్పాడు. పిల్లల చదువు సంగతి కూడా తానే చూస్తానన్నాడు. మెల్లగా, దయగా చెప్పాడు.

"నీ ఇల్లే గద ఇది కుమార్. కట్టె తీస్కొని రా పో."

కుమారస్వామి లేచి లోపలికి పోయాడు. నేను వాణ్ని ఆపలేదు. ఆపే హక్కు నాకు లేదు. ట్రాలీ ఆటో తోలి వాడి నడుము పట్టేసిన సంగతి నాకు తెలుసు. కోడలు నా వైపు చూసింది. నేను సమ్మవ్వ ఫోటో వైపు చూడలేకపోయాను.

వాడు వంటింట్లోంచి వచ్చాడు. కట్టెను దాటి వచ్చాడు. దాన్ని ముట్టుకోలేదు. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. సాయిచంద్ ఎదుట నిలబడి, గ్లాసు చాచాడు.

ఎడమ చేత్తో. కుడి చెయ్యి పక్కన ఖాళీగా వేలాడుతోంది.

సాయిచంద్ పట్నంలో పెరిగినవాడు. వాడికి ఆ పట్టింపులు లేవనుకున్నాను. వాడూ అట్లాగే అనుకుని ఉంటాడు. కానీ చెయ్యి పైకి లేవలేదు. గ్లాసు వైపు చూశాడు, ఆ చేతి వైపు చూశాడు.

"గా చేత్తోనా కుమార్?"

"మా ఇంట్ల గీ చెయ్యే సారు. తాగుతే తాగు, లేకుంటే లే."

గొడుగు మనిషి బయటి నుంచి తొంగి చూశాడు. సాయిచంద్ గడప దాటాడు. వానలోనే చెప్పులు తొడుక్కున్నాడు. కారు వీధి మలుపు తిరిగేదాకా నా కొడుకు గ్లాసు చాచిన చెయ్యి దించలేదు.

తర్వాత ఆ నీళ్లు వాడే తాగాడు. గ్లాసు మళ్లీ నింపుకొచ్చి, అదే చేత్తో నాకు ఇచ్చాడు.

తీసుకున్నాను.